ఏజెంటుకి రూపాయి కూడా కట్టకు

చిన్నా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో ఆ మాట చెప్పిన దగ్గర్నుంచి మీ అమ్మకి నిద్రలేదు, నాకూ లేదు, మళ్లీ ఫోన్ చేస్తే "సరే నాన్నా సరే" అని పెట్టేస్తావు కాబట్టి కూర్చుని రాస్తున్నా, మొత్తం చదువు. ఓడలో ఉద్యోగం ఇప్పిస్తానని ఆ ఏజెంటు అడుగుతున్న రెండున్నర లక్షలు నేనివ్వను. డబ్బుల్లేక కాదు, బంగారం పెడితే రేపే వస్తాయి. అసలు వాడు ఆ డబ్బు అడగడమే నేరంరా.

నీలాంటి కుర్రాళ్లని ఓడ ఎక్కించే కంపెనీకి ఆర్‌పీఎస్‌ఎల్ అని లైసెన్సు ఉండాలి, అది ఇచ్చేది డీజీ షిప్పింగ్, కేంద్రంలో ఓడరేవులు షిప్పింగు చూసే మంత్రిత్వ శాఖ కింద 1949 నుంచి ఉన్న ఆఫీసు. ఆ లైసెన్సు ఉన్నవాడెవడూ ఉద్యోగం ఇప్పించినందుకు నీ దగ్గర పైసా తీసుకోకూడదు, 2016 రూల్స్‌లో ఉంది, ఓడల్లో పనిచేసేవాళ్ల హక్కుల కోసం ఉన్న అంతర్జాతీయ ఒప్పందం, మన దేశం 2015లో ఒప్పుకున్న మారిటైమ్ లేబర్ కన్వెన్షన్‌లోనూ ఉంది. నీ పాస్‌పోర్టు, సీడీసీ అనే ఓడ సర్వీసు పుస్తకం, మెడికల్ ఖర్చులు నీవి, అంతే. ప్రాసెసింగ్ అన్నా డిపాజిట్ అన్నా లేచి వచ్చెయ్.

టూరిస్టు వీసా మీద దుబాయ్ పంపిస్తాం, అక్కడ ఓడ ఎక్కిస్తాం అన్నాడన్నావే, అక్కడే నా గుండె గుభేల్మంది. మన వీధి చివరింటి అబ్బాయి ఇలాగే కదా వెళ్లింది, తీరా చూస్తే తుప్పు పట్టిన చిన్న బోటు, అగ్రిమెంటు లేదు, జీతం లేదు, తాగే నీళ్లకి కూడా కటకట, వాళ్లమ్మ మన గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే మేం ఏం చెప్పాలో తెలీక చూస్తూ ఉండేవాళ్లం. రికార్డుల్లో వాడు ఓడ ఎక్కినట్టే లేనప్పుడు ఎవరిని నిలదీస్తారు? అదే లైసెన్సున్న కంపెనీ అయితే ముందే బ్యాంకు గ్యారంటీ కట్టి ఉంటుంది, ఓనరు వదిలేసినా నిన్ను ఇంటికి చేర్చే పూచీ వాళ్లది. రెండు నెలలు జీతం ఎగ్గొడితే చాలు, సిబ్బందిని వదిలేసినట్టే లెక్కని ఆ కన్వెన్షన్ చెబుతుంది, అప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు నాలుగు నెలల వరకు బకాయి జీతం, ఇంటికొచ్చే ఖర్చు ఇచ్చుకోవాలి.

నీ సీడీసీ ఒకసారి తీసి చూడు. నీ ఫొటో, నంబరు ఉన్న పేజీ దాటాక అన్నీ ఖాళీ గళ్లే కదా, ఓడ పేరు, నీ ర్యాంకు, ఎక్కిన తేదీ, దిగిన తేదీ. ఆ గళ్లు నిండితేనే సీ టైమ్, అంటే ఓడ మీద పనిచేసినట్టు లెక్కకొచ్చే కాలం, సీ టైమ్ ఉంటేనే రేపు పరీక్షలు రాసి పైకొస్తావు. దొడ్డిదారిన వెళ్లి ఏడాదంతా ఒళ్లు హూనం చేసుకున్నా ఆ గళ్లలోకి ఒక్క రోజు కూడా ఎక్కదు, దొంగ స్టాంపు వేయించావా నీ సీడీసీకే ఎసరు.

వాడి కంపెనీ పేరు, లైసెన్సు నంబరు అడిగి డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్లో చూడు, సస్పెండ్ అయినవీ రద్దయినవీ కూడా అందులోనే పెడతారు. మంచి కంపెనీ పేరు వాడుకుని మోసం చేసేవాళ్లు కూడా ఉన్నారు, అందుకని ఏజెంటు ఇచ్చిన నంబరుకి కాదు, వెబ్‌సైట్లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడుగు. ఇంకా డౌటుంటే నువ్వుండే బేలాపూర్లో ముంబై లోకల్ రైలు ఎక్కి కుర్లాలో మారి కంజూర్‌మార్గ్‌లో దిగు, డీజీ ఆఫీసు అక్కడే. మన వైజాగ్‌లో వాళ్ల మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ ఉంది, సోమవారం నేనూ వెళ్లి అడుగుతా. ఈ రూల్స్ అన్నీ తెలుగులో పెద్దక్షరాలతో అచ్చేసి పలాస, సోంపేట బస్టాండ్లలో అంటిస్తే ఎంతమంది పిల్లలు బతికిపోతారో అనిపిస్తుంది నాకు.

బ్యాచ్‌లో అందరూ వెళ్లిపోతున్నారని నీకు బెంగ, నాకు తెలుసు. ఆర్నెల్లు ఆలస్యమైతే ఏం కాదు, నీ రూమ్ అద్దె నేను చూసుకుంటా. సింధియాలో పుట్టి పెరిగినోడివి, 1948లో నెహ్రూ వచ్చి జల ఉష అనే ఓడని నీళ్లలోకి దింపింది మన షిప్‌యార్డులోనే, ఈ ఊరి పిల్లాడు దర్జాగా అగ్రిమెంటు మీద సంతకం పెట్టి ఓడ ఎక్కాలి.

ఆ కంపెనీ పేరు, నంబరు ఈ రాత్రికే నాకు వాట్సాప్ చెయ్యి. పాస్‌పోర్టు, సీడీసీ ఒరిజినల్స్ ఎవరు అడిగినా ఇవ్వకు, ఇప్పటికే ఇచ్చేసుంటే పొద్దున్నే వెళ్లి తెచ్చేసుకుని నాకు ఫోన్ చెయ్యి.

నాన్న