1.9 కిలోల పోల్ అన్నారు, తూకంలో 2.4 కిలోలు వచ్చింది

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం.

నేను పదకొండేళ్లుగా భవనాల కిటికీ అద్దాలు శుభ్రం చేసే పనిలో ఉన్నాను. నాతో పాటు ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తారు. నిచ్చెన ఎక్కకుండా నేల మీదే నిలబడి, పొడవాటి పోల్ చివర బ్రష్ పెట్టి, పైపులోంచి శుద్ధి చేసిన నీళ్లు వదులుతూ కడుగుతాం. నీళ్లలో లవణాలు లేకపోతే అద్దం మరకలు పడకుండా దానంతటదే ఆరిపోతుంది, గుడ్డతో తుడిచే పని ఉండదు. అందుకే మా రోజంతా పోల్‌తోనే గడుస్తుంది. ఐదారు గంటలు అది చేతుల్లోనే ఉంటుంది.

ఇంతకుముందు అల్యూమినియం పోల్ వాడేవాళ్లం. దాంతో నా కుడి భుజం పట్టేసి రాత్రిళ్లు నిద్ర పట్టని పరిస్థితి వచ్చింది. ఇక ఎంత ఖర్చయినా తేలికైనది కొనాలని నిర్ణయించుకుని, నెల రోజులు రకరకాల పోల్స్ చూసి మీది ఎంచుకున్నాను. మీ వెబ్‌సైట్‌లో మూడు మాటలు నన్ను ఒప్పించాయి: కార్బన్ ఫైబర్, 9 మీటర్ల రీచ్ (అంటే అందే ఎత్తు), 1.9 కిలోల బరువు. ఈ మూడింటిలో ఒక్కటి కూడా నేను అర్థం చేసుకున్నట్టు లేదు.

ముందు బరువు సంగతి. పెట్టె విప్పి చేత్తో పట్టుకోగానే అనుమానం వచ్చింది. తూకం వేస్తే 2.4 కిలోలు చూపించింది. మీకు ఫోన్ చేస్తే, 1.9 అనేది ట్యూబుల బరువు మాత్రమేనని, క్లాంపుల బరువు అందులో కలపలేదని చెప్పారు. క్లాంపులు లేకుండా ఈ పోల్ నిలబడుతుందా? ఒకదానిలోంచి ఒకటి సాగే ట్యూబు ముక్కలను, అంటే సెక్షన్లను, పట్టి ఉంచేవే అవి. పైన బ్రష్‌ను అద్దం వైపు వంచే వంపు ముక్క, బ్రష్, పైపు, ఆ పైపులో నీళ్లు ఉండనే ఉన్నాయి. లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లున్న 7 మీటర్ల పైపులో నీళ్లే దాదాపు 140 గ్రాములు ఉంటాయి. అన్నీ బిగించి పనికి సిద్ధంగా పెట్టి తూచాను, 3.4 కిలోలు వచ్చింది. నేను రోజూ ఎత్తుతున్నది ఈ బరువు.

పైగా ఈ పనిలో గ్రాములన్నీ ఒకటి కాదు. కింద చేతి దగ్గరున్న 400 గ్రాములు తెలియనే తెలియవు. అవే చివర బ్రష్‌లో ఉంటే వేరే సంగతి. కింది చెయ్యి పోల్ మొదట్లో, పై చెయ్యి దానికి 70 సెంటీమీటర్ల పైన, బ్రష్ 7 మీటర్ల దూరంలో ఉందనుకోండి. పోల్ అడ్డంగా ఉంటే ఆ బ్రష్ ఒక్కటే పై చేతి మీద 4 కిలోల భారం వేస్తుంది. నిలువు నుంచి 30 డిగ్రీలు వాల్చినా అందులో సగం పడుతుంది. కిటికీ నుంచి కిటికీకి జరిగే ప్రతిసారీ ఆ భారాన్ని మోసేది మా భుజాలు. అందుకే మీరు వెబ్‌సైట్‌లో ఒక్క అంకె వేసి ఊరుకుంటే మాకు సరిపోదు. పై సెక్షన్లు ఎంత బరువు, వంపు ముక్క ఎంత బరువు అన్నది విడిగా చెప్పాలి.

ఇక పొడవు. మొత్తం సాగదీసి టేపు పెట్టి కొలిస్తే 7.2 మీటర్లు. మిగతా 1.8 మీటర్లు మనిషి ఎత్తు, చాచిన చేతుల లెక్క అట. తల మీదికి చేతులెత్తి రోజంతా కడిగేవాళ్లు ఎవరుంటారు? పోల్ అసలు పొడవు ఎంతో పెద్ద అక్షరాల్లో వేసి, రీచ్ దాని కింద రాయండి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మూడోది. మూడు వారాల వాడకానికే రెండో సెక్షన్ మీద, క్లాంపు రాసుకునే చోట పై నలుపు అరిగిపోయింది. లోపలి నుంచి పసుపు కలిసిన తెలుపు బయటపడింది, వేలితో తాకితే సన్నటి గాజు నార (గ్లాస్ ఫైబర్) గుచ్చుకుంది. కార్బన్ నార నల్లగా ఉంటుందని ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. గ్లాస్ ఫైబర్ కలిపిన పోల్ చెడ్డదని నేను అనను. ఆ కలిపిన రకం ధర తక్కువ, చాలా పనులకు అది చాలు. కానీ గ్లాస్ ఫైబర్ కార్బన్ కన్నా బరువు, పైగా కార్బన్ అంత బిగువుగా ఉండదు. చివర ఉన్న బరువుకు పోల్ ఎంత వంగుతుందన్నది పొడవు ఘనంతో పెరుగుతుంది, అంటే అదే మందం, అదే నార ఉన్న పోల్ పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది. మీ పోల్ మూడో అంతస్తు దగ్గర చేప పట్టే గాలంలా ఊగుతోంది. బ్రష్ అద్దం మూలకు ఆనేలోపు రెండుసార్లు పక్కకు పోతుంది, ఆ ఊపు ఆపడానికే సగం బలం పోతోంది.

క్లాంపులు తడిస్తే జారుతున్నాయి. పోయిన వారం పైనున్న సెక్షన్లు ఒక్కసారిగా కిందికి దిగి మా చిన్న కుర్రాడి బొటనవేలు మీద పడ్డాయి. గోరు కింద రక్తం గడ్డకట్టి గోరంతా నల్లబడింది, నాలుగు రోజులు పనికి రాలేకపోయాడు. దెబ్బ తగిలింది వేలికే కాబట్టి సరిపోయింది. క్లాంపు బిగించుకునే స్క్రూ ఉంది, ఎన్నిసార్లు బిగించినా గంటలో మళ్లీ వదులవుతోంది.

ఇంకో మాట తప్పకుండా చెప్పాలి. కార్బన్ ఫైబర్‌లో కరెంటు ప్రవహిస్తుంది. గ్లాస్ ఫైబర్ పొడిగా ఉన్నప్పుడు ప్రవహించనివ్వకపోయినా, తడిసి మురికి పట్టాక దాన్ని నమ్మలేం. మీ పోల్ మీద గానీ, పెట్టెలోని కాగితంలో గానీ కరెంటు తీగల గురించి ఒక్క హెచ్చరిక కూడా లేదు. ఇల్లు కడుక్కోవడానికి కొన్నవాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు? మిగతా అన్నిటి కన్నా ముందు ఆ స్టిక్కర్ అంటించండి. ఇప్పటికే అమ్మినవాటికి కొన్నవాళ్ల ఇంటికి పంపండి.

నేను అడిగేది ఇది. ఈ పోల్ వెనక్కి తీసుకుని డబ్బు పూర్తిగా తిరిగి ఇవ్వండి, రవాణా ఖర్చు కూడా మీదే. లేదంటే పూర్తి కార్బన్‌ది, క్లాంపులతో కలిపి 2 కిలోలు దాటనిది పంపండి. నాకు రెండింట్లో ఏదైనా సరే. వేరే క్లాంపుల సెట్ పంపి సర్దుకోమంటే మాత్రం ఒప్పుకోను. వెబ్‌సైట్‌లో బరువు, పొడవు, ఏ సెక్షన్‌లో ఏ నార ఎంత ఉందో సరిచేసి, చేశామని నాకు రాయండి.

తూకం ఫోటోలు, టేపుతో కొలిచిన ఫోటోలు, అరిగిన సెక్షన్ దగ్గరి ఫోటో, బిల్లు కాపీ జత చేశాను. మీ మనిషి వచ్చి చూస్తానంటే పోల్ అలాగే ఉంచాను, విప్పలేదు. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. అప్పటిదాకా ఆ అల్యూమినియం పోల్‌తోనే పనికి వెళ్తున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్