ఎన్డీటీవీ కథలో మా చెన్నై ఎక్కడ?

సంపాదకుల వారికి,

నమస్కారం. ఎన్డీటీవీ పుట్టుక, పెరుగుదల, చేతులు మారడం గురించి మీరు వేసిన పెద్ద వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశారు, కానీ సగానికి పైగా షేర్ల లెక్కలతోనే నిండిపోయింది. ఢిల్లీలో పుట్టిన వార్తా సంస్థ మాలాంటి వాళ్లకి కూడా చెందినదిగా ఎప్పుడు అనిపించింది, ఎక్కడ దూరమైంది అన్న సంగతి అందులో లేదు. చెన్నైలో స్థిరపడిన తెలుగువాడిగా నాకు ముఖ్యమైనది అదే, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా వేయండి.

1988లో రాధికా రాయ్, ప్రణయ్ రాయ్ దీన్ని మొదలుపెట్టినప్పుడు చేతిలో చానల్ లేదు, దూరదర్శన్‌కి కార్యక్రమాలు తీసిచ్చే సంస్థ మాత్రమే. వాళ్లు తీసిన ప్రపంచ వార్తల కార్యక్రమం ‘ది వరల్డ్ దిస్ వీక్’ కోసం మా ఇంట్లో ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చినవాళ్లు కూడా కూర్చునేవాళ్లు, ఎందుకంటే బయటి ప్రపంచం బొమ్మల్లో కనిపించే కిటికీ అదొక్కటే. ఎన్నికలైతే ఇంకా సందడి. బ్యాలెట్ పేపర్లు చేత్తో లెక్కపెట్టే రోజులు కదా, ఫలితాలు తేలడానికి రోజులు పట్టేది, మధ్యమధ్యలో సినిమా వేసేవాళ్లు, సినిమా ఆపి ప్రణయ్ రాయ్ గడ్డం సవరించుకుంటూ ఏ పార్టీకి ఎంత శాతం ఓట్లు మొగ్గాయో చెప్తుంటే మా నాన్న పాత కాగితం వెనక రాసుకునేవారు. లెక్క చెప్పి, దాని అర్థం చెప్పి, తన మాట తగ్గించుకునే ఆ పద్ధతి మీదే తర్వాత వచ్చిన నమ్మకమంతా నిలబడింది అని నా అభిప్రాయం.

మీ వ్యాసంలో రాని ముఖ్యమైన విషయం 1995 ఫిబ్రవరి నాటి సుప్రీంకోర్టు తీర్పు. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసార హక్కుల గొడవ మీద వచ్చిన కేసు అది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటి మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం కుదరదని చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. ఆయన తన తీర్పులో ప్రభుత్వం ఒక్కటే కాదు, డబ్బున్న కొద్దిమంది చేతుల్లో ప్రసారాలు చిక్కుకోవడం కూడా ప్రమాదమేనని విడిగా హెచ్చరించారు. ప్రైవేటు చానళ్ల చరిత్ర రాసే ప్రతివాళ్లూ ఆ తీర్పులో మొదటి సగం చెప్తారు, రెండో సగం వదిలేస్తారు, మీరైతే రెండూ వదిలేశారు.

1998లో స్టార్ న్యూస్ ఇరవైనాలుగు గంటల చానల్‌గా వచ్చినప్పుడు వార్తలు తయారుచేసింది ఎన్డీటీవీనే. 2003లో ఆ ఒప్పందం ముగిశాక ఇంగ్లీషులో ఎన్డీటీవీ 24×7, హిందీలో ఎన్డీటీవీ ఇండియా సొంతంగా పెట్టారు, 2005లో వ్యాపార వార్తలకి ప్రాఫిట్ వచ్చింది. అదంతా మీరు రాశారు. 2009లో చెన్నైకి వచ్చిన సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు! హిందూ పత్రికతో కలిసి ఎన్డీటీవీ హిందూ అని మా ఊరి కోసమే ఒక ఇంగ్లీషు చానల్ పెట్టారు సార్. ఒక జాతీయ సంస్థ ఒక్క నగరానికి విడిగా చానల్ పెట్టడం చిన్న సంగతా? కార్పొరేషన్ గొడవలు, నీళ్ల లారీలు, డిసెంబర్ కచేరీలు అన్నీ వార్తలే. తమిళం చదవడం సరిగ్గా రాని మాలాంటి కుటుంబాలకి మా వీధి సంగతి ఇంగ్లీషులో తెలిసేది. పాపం ఎక్కువకాలం నిలవలేదు. 2012లో తమిళ పత్రిక దినతంతి వాళ్లు తీసుకుంటే తంతి టీవీ అయింది, తమిళంలోకి మారిపోయింది. తమిళ చానల్ రావడం మంచిదే, వాళ్ల ఊరు, వాళ్ల భాష. కానీ ఢిల్లీ నుంచి వచ్చిన సంస్థ ఇక్కడ వేళ్లూనుకోలేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక యాజమాన్యం సంగతి. 2009లో రాయ్‌ల హోల్డింగ్ కంపెనీ, అంటే ఎన్డీటీవీలో వాళ్ల వాటాలు పెట్టుకున్న కంపెనీ, వడ్డీలేని అప్పు 403 కోట్లకు పైగా తీసుకుంది, ఆ అప్పు ఇచ్చిన కంపెనీకి బాకీని వాటాలుగా మార్చుకునే హక్కు రాసిచ్చింది. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు ఆ అప్పిచ్చిన కంపెనీనే కొనేసింది, దాంతో ఎన్డీటీవీలో 29.18 శాతం చేతికొచ్చింది, ఏడాది చివరికి 64 శాతం దాటింది. ఎన్డీటీవీ ఇండియాలో పేరున్న యాంకర్ రవీశ్ కుమార్ ఆ నవంబర్‌లోనే రాజీనామా చేశారు. పదమూడేళ్ల కిందటి అప్పు పత్రంలోని ఒక్క షరతు వల్ల ఇంత పెద్ద వార్తా సంస్థ చేయి మారింది. ఇది సామాన్య పాఠకుడికి అర్థమయ్యేలా మీరు విప్పి చెప్పారు, అందుకు మెచ్చుకుంటున్నాను. యజమాని ఎవరన్నది తప్పకుండా ముఖ్యమే, కాదనను. కానీ యజమాని మారకముందే, అన్ని ఢిల్లీ చానళ్లలోనూ, బయట ఊళ్లలో రిపోర్టర్లు తగ్గిపోయి స్టూడియోలో కిటికీల్లో ముఖాలు పెరిగిపోయాయి. రిపోర్టర్‌ని, కెమెరామన్‌ని, అక్కడి నుంచే ప్రత్యక్ష ప్రసారం చేసే ఓబీ వ్యాన్‌ని ఒక ఊళ్లో ఏడాది పొడుగునా ఉంచాలంటే ఖర్చు. ఎనిమిదిమందిని వీడియోలో పిలిచి అరిపించడానికి ఖర్చే లేదు. రేటింగులు చూస్తే, ఏ చానల్ ఎంతమంది చూస్తున్నారో చెప్పడానికి కొన్ని వేల ఇళ్లల్లో పెట్టిన మీటర్ల లెక్క, దాని మీదే ప్రకటనల డబ్బు. ఆ లెక్కల మీదే కేసులు పడి, 2020 అక్టోబర్ నుంచి 2022 మార్చి దాకా వార్తా చానళ్ల రేటింగులు ఇవ్వడమే ఆపేశారు కదా!

దీని ఫలితం మాకు 2023 డిసెంబర్‌లో తెలిసొచ్చింది. మూడో తారీఖు ఆదివారం నాలుగు రాష్ట్రాల ఓట్ల లెక్కింపు, ఆ రాత్రే మిచాంగ్ తుపాను వాన మా మీద పడింది. వేళచ్చేరిలో మా వీధిలో మోకాలు దాటి నీళ్లు, కరెంటు లేదు, కింది ఇంటివాళ్లు గ్యాస్ సిలిండర్‌ని మెట్ల మీదికి ఎక్కించి తాడుతో కట్టారు. అదే తుపాను బాపట్ల వైపు వెళ్తోంది, అక్కడ మా అక్క వాళ్లున్నారు. అక్క ఫోన్ చేసి, “ఏరా, జాతీయ చానళ్లన్నీ తిప్పి చూశాను, ఎవరు గెలిచారు ఎవరు ఓడారు అదే గోల, మీ వైపు ఎట్లా ఉందో చెప్పేవాడే లేడు” అంది. మా వేళచ్చేరిలోనే ఫైవ్ ఫర్లాంగ్ రోడ్డు దగ్గర తవ్విన పెద్ద గోతిలో మనుషులు చిక్కుకుపోయిన సంగతి, ఉత్తర చెన్నైలో ఎన్నూరు వాగులోకి నూనె తెట్టు కొట్టుకొచ్చి మత్స్యకారుల వలలు పాడైన సంగతి మాకు తమిళ చానళ్ల వల్ల తెలిశాయి, అవి లేకపోతే మా గతేంటి? ఎన్నికల ఫలితాలు చూపించొద్దని నేననను. ఒకే వానకి మద్రాసూ బాపట్లా రెండూ మునుగుతుంటే, రెండు ఊళ్లనీ కలిపి చూపించగలిగేది జాతీయ చానల్ ఒక్కటే, తమిళ చానల్‌కి బాపట్ల పట్టదు, తెలుగు చానల్‌కి వేళచ్చేరి పట్టదు. ఆ పని చెయ్యకపోతే జాతీయం అన్న మాట పేరు పక్కన దేనికి?

కాబట్టి నా విన్నపం ఒకటే. ఈసారి ఏ జాతీయ వార్తా సంస్థ గురించి రాసినా షేర్ల శాతాలతో పాటు ఇంకో లెక్క కూడా అడిగి వేయండి. చెన్నైలో, విజయవాడలో, హైదరాబాద్‌లో, బెంగళూరులో జీతమిచ్చి పెట్టుకున్న రిపోర్టర్లు ఎంతమంది, పదేళ్ల కిందట ఎంతమంది? వాళ్లు చెప్పకపోతే చెప్పలేదనే వేయండి. మీ పత్రికకి మా జిల్లాల్లో ఊరూరా విలేకరులున్నారు, ఈ ప్రశ్న అడిగే అర్హత ఢిల్లీ వాళ్లకన్నా మీకే ఎక్కువ ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వేళచ్చేరి, చెన్నై