మన స్పోర్ట్స్ కార్ల క్లబ్: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

బైలాస్ ప్రకారం డిసెంబరు సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శి నివేదిక అందరికీ చేరాలి. పోయినేడు సమావేశం రోజున ప్రింట్లు తీసి పంచితే ఎక్కువ భాగం సమోసాల కిందికి వెళ్ళాయి. అందుకే ఈసారి ముందుగా పంపుతున్నాను. కాస్త పొడుగే. అయినా చదవండి, మీ చందా, జరిమానాల సంగతులు కూడా ఇందులో ఉన్నాయి.

ఏడాదంతా, సభ్యులం పాయింట్లు పెట్టి వంతులవారీగా తీసుకెళ్ళే మన అయిదు కార్లతోనే నెట్టుకొచ్చాం. కొత్తది ఎందుకు కొనలేదని ఇక్కడ కాలిఫోర్నియా బే ఏరియాలో ఫ్రీమాంట్ నుంచి శాన్ రమోన్ దాకా కనిపించిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. ఏప్రిల్లో అమెరికాలో విదేశీ కార్ల మీద 25 శాతం అదనపు సుంకం వచ్చింది. మే నుంచి విడిభాగాల మీద కూడా పడింది. తర్వాత యూరప్‌కి, బ్రిటన్‌కి కొంత తగ్గించారు గాని, పెరిగిన ధరలు తగ్గిన దాఖలా మన బిల్లుల్లో లేదు. మన షెడ్డులో ఉన్నదంతా ఇటలీ, జర్మనీ, ఇంగ్లండు సరుకే. ఈ పరిస్థితిలో కొత్త కారు కంటే ఉన్నవాటిని బాగా చూసుకోవడమే మేలని కార్యవర్గం అనుకుంది.

ఫెరారీ 360 మోడెనా చవగ్గా దొరుకుతోందని ఇద్దరు సభ్యులు గట్టిగా పట్టుబట్టారు. దాని ఇంజను లోపలి భాగాలని వేళ తప్పకుండా తిప్పేవి టైమింగ్ బెల్టులు. నడిపినా, షెడ్డులో పెట్టి బొట్టు పెట్టినా, కొన్నేళ్ళకోసారి మార్చాల్సిందే. ఎఫ్ 430 నుంచి ఫెరారీ వాళ్ళు చెయిన్‌కి మారారు. మనం అప్పట్లో ఎఫ్ 430 కొన్నది రంగు చూసి కాదని మళ్ళీ గుర్తుచేస్తున్నాను. కారుని మోంటానా రాష్ట్రంలో ఎల్‌ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పెట్టి రిజిస్టర్ చేస్తే సేల్స్ టాక్స్ ఉండదన్న సలహా కూడా వచ్చింది. కాలిఫోర్నియాలో ఉంటూ, కాలిఫోర్నియాలో నడుపుతూ ఆ పని చేస్తే ఏమవుతుందో మన లాయరు మిత్రుడు పది నిమిషాల్లో చెప్పాడు. ఆ విషయం అక్కడితో ముగిసింది.

ఇక మన లంబోర్గినీ గయార్డో. పేరు పలకడం రానివాళ్ళు కూడా మొదట బుక్ చేసేది దాన్నే. ఈ ఏడాది దాని క్లచ్ పోయింది. రెండే పెడల్స్ ఉన్నాయి కాబట్టి చాలామంది దాన్ని ఆటోమేటిక్ అనుకుంటున్నారు. లోపల ఉన్నది మామూలు క్లచ్చే. మన కాలికి బదులు హైడ్రాలిక్ పంపు దాన్ని తొక్కుతుంది, అంతే. ఎత్తు మీదున్న డ్రైవ్‌వేలోకి రివర్స్‌లో అంగుళం అంగుళం పాకిస్తే ఆ ప్లేటు రాసుకుంటూనే ఉంటుంది. మెకానిక్ గారు విప్పిన ప్లేటుని బల్ల మీద పెట్టి చూపించారు. అంచంతా నీలం తిరిగిపోయింది, గోటితో గీరితే నల్లటి పొడి రాలింది, ఆ వాసన సాయంత్రం దాకా నా చొక్కాకి పోలేదు. ఎవరి చేతిలో మాడిందో తేల్చే దారి లేదు. అరుగుదల శాతం కంప్యూటర్ పెట్టి చూస్తే తెలుస్తుంది గాని, మనం చూడాల్సినన్నిసార్లు చూడలేదు. ఎందుకంటే లాప్‌టాప్ తీసుకుని షెడ్డుకి వస్తానన్న సభ్యులు రాలేదు. ఇకనుంచి నెలనెలా రీడింగ్ తీస్తాం. రెండు రీడింగుల మధ్య నడిపినవాళ్ళందరి మీదా ఖర్చు సమానంగా పడుతుంది. ఇది అన్యాయమన్నవాళ్ళు సమావేశానికి వచ్చి ఇంకో దారి చెప్పండి. వాట్సాప్‌లో వద్దు.

ఇంతకన్నా సంతోషంగా రాయాల్సిన విషయానికి వస్తాను. అక్టోబరులో లగూనా సెకా వెళ్ళొచ్చాం.

కొత్త సభ్యుల కోసం చెబుతున్నాను. మాంటెరే దగ్గర కొండల్లో 1957లో మొదలైన రేస్ ట్రాక్ అది. చుట్టు 2.238 మైళ్ళు, పదకొండు మలుపులు. అందులో ఎనిమిదోది కార్క్‌స్క్రూ. ఏడో మలుపు దాటి ఎత్తెక్కుతుంటే ఎదురుగా ఆకాశం, నాలుగు చెట్లు తప్ప ఏమీ కనిపించవు. రోడ్డు ఎటు పోతుందో తెలియకముందే బ్రేకు వేసి ఎడమకి తిప్పాలి, వెంటనే కుడికి. 450 అడుగుల దూరంలో 59 అడుగులు దిగిపోతాం. ఫలానా చెట్టు మీద చూపు పెట్టమని ఇన్‌స్ట్రక్టర్లు చెబుతారు. మొదటి ల్యాపులో ఆ చెట్టు ఎవరికీ కనిపించలేదు. 1996లో అలెక్స్ జనార్డీ అనే రేసు డ్రైవరు చివరి ల్యాపులో తోటి డ్రైవరు బ్రయాన్ హెర్టాని దాటింది అక్కడే. ఆ వీడియో చూసి మనవాళ్ళు తెగ హుషారు మీద వచ్చారు. బ్రీఫింగ్‌లో విన్న మొదటి మాట మాత్రం, ముందున్న డ్రైవరు చెయ్యి బయటపెట్టి దారి చూపిస్తే తప్ప దాటకూడదని.

ఈ ఒక్క రోజు వెనక ఎంత పని ఉందో రాయకపోతే ఎవరికీ తెలియదు కాబట్టి రాస్తున్నాను. మన మామూలు ఇన్సూరెన్స్ ట్రాక్ మీద చెల్లదు. ఒక్కో కారుకి ఆ రోజుకి విడిగా పాలసీ తీసుకున్నాం. హెల్మెట్లకి స్నెల్ స్టిక్కర్ (భద్రత పరీక్ష పాసైన గుర్తు) ఉందో లేదో ఒక్కొక్కటీ లోపలి లైనింగ్ ఎత్తి చూశాం. బైక్ హెల్మెట్ తెచ్చిన ముగ్గురికి అద్దెవి ఇప్పించాం. బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించాం. కొత్త క్లచ్ పడ్డ గయార్డోని, గొంతు పెద్దదైన ఎఫ్ 430ని ఇంటి దగ్గరే ఉంచి, పోర్షా జీటీ3ని, మెక్‌లారెన్ 570ఎస్‌ని, లోటస్ ఎలీజ్‌ని తీసుకెళ్ళాం. అక్కడ చాలా ట్రాక్ డేలకి కారు చప్పుడు 90 డెసిబెల్స్ దాటకూడదని నియమం ఉంటుంది. మనం వెళ్ళిన రోజూ అంతే. జీటీ3కి పొద్దున్నే ఒక హెచ్చరిక వచ్చింది. ఆ తర్వాత చప్పుడు కొలిచే సౌండ్ బూత్ దగ్గరికి రాగానే అందరూ కాలు తీసేసి, దాటాక మళ్ళీ తొక్కారు. ట్రాక్ వదిలి రమ్మనే నల్ల జెండా చూడకుండా రోజు గడిచింది.

ఆ రోజు అందరి నోళ్ళలో నానింది మాత్రం ఎలీజ్. మన జాబితాలో అతి తక్కువ పాయింట్లకి దొరికే కారు, అతి తక్కువమంది తీసుకునే కారు. లోపల ఉన్నది టయోటా ఇంజను కదా అని చిన్నచూపు. చేరినప్పటినుంచి ఒక్క బుకింగ్ కూడా చెయ్యని మన మిల్పీటస్ సభ్యురాలు ఒకరు, భర్తగారి బదులు వచ్చి, పొద్దున కొత్తవాళ్ళ గ్రూపులో మొదలుపెట్టారు. మధ్యాహ్నం పులిహోర తిని దిగేసరికి ఇన్‌స్ట్రక్టర్ ఆవిడని పై గ్రూపుకి పంపించారు. మెక్‌లారెన్‌లో ఉన్న సభ్యుడు (పేరు అడగొద్దు) ఆవిడకి చెయ్యి చూపించి దారి ఇవ్వాల్సి వచ్చింది. కొండ మీద కూర్చుని చూస్తున్న ఆవిడ నాన్నగారు, గుంటూరు నుంచి వచ్చారు, “అంత మలుపు ముందు ఒక్క బోర్డయినా పెట్టలేదేమిట్రా వీళ్ళు” అని నన్ను నిలదీశారు. ఆ మర్నాటి నుంచి ఎలీజ్‌కి వెయిటింగ్ లిస్టు ఉంది. మన అయిదింటిలో నిజంగా నడపడం నేర్పే కారు అదేనని నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నాను. రికార్డు కోసం ఆ మాట ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

మామూలు రోజుల్లో బుకింగులు బాగానే జరిగాయి. వుడ్‌సైడ్ మీదుగా స్కైలైన్ రోడ్డు, పొద్దున్నే హాఫ్‌మూన్ బే, ఎప్పటి దారులే. ఎప్పటిలాగే జనవరి నుంచి సెప్టెంబరు దాకా పాయింట్లు దాచుకుని, డిసెంబరు 31కి మురిగిపోతాయని ఇప్పుడు ఒక్కసారిగా మీద పడుతున్నారు. వానలో, చలిలో, వేసవి టైర్ల మీద జీటీ3ని ఇవ్వడం కుదరదు. వారం మధ్యలో సగం పాయింట్లకే ఇస్తున్నాం. ఆఫీసుకి ఎలాగూ వారానికి మూడు రోజులే వెళ్తున్నారు కదా.

పెళ్ళిళ్ళ సంగతి. బరాత్‌కి గయార్డో కావాలని ఈ ఏడాది వచ్చినన్ని విన్నపాలు ఎప్పుడూ రాలేదు. డప్పుల వెనక మనిషి నడక వేగంతో అరగంట నడిపితే ఆ క్లచ్ గతేమిటో పైన రాశాను. అందుకే పెళ్ళిళ్ళకి మెక్‌లారెన్ మాత్రమే ఇస్తాం. దాని డ్యూయల్ క్లచ్ కొంత తట్టుకుంటుంది, తలుపులు పైకి లేస్తాయి, ఫోటోలూ బాగా వస్తాయి. పెళ్ళికొడుకు సభ్యుడు కాకపోతే స్టీరింగ్ ముట్టుకోకూడదు, పక్క సీట్లోనే. తలపాగా చేతిలో పట్టుకుని ఎక్కమనండి. లివర్‌మోర్ గుడిలో వాహనపూజ చేయించినప్పుడు బొట్లు గాజు మీదే పెట్టించండి. బానెట్ మీద ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంది. దానికి పట్టిన పసుపు ఏం చేసినా పోవడం లేదు, ఎండలో చూస్తే అయిదు వేళ్ళ గుర్తులూ కనిపిస్తాయి.

జరిమానాల గురించి రాయాలంటే బీపీ పెరుగుతోంది. కార్లు క్లబ్ పేరు మీద ఉన్నాయి కాబట్టి ప్రతి నోటీసూ నా చేతికి వస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఈ ఏడాది స్పీడ్ కెమెరాలు వచ్చాయి. ఆగస్టు నుంచి డబ్బు వసూలు చేస్తున్నారు. వేగ పరిమితి కన్నా గంటకి 11 మైళ్ళు ఎక్కువ పోతే 50 డాలర్లు, 16 అయితే 100, 26 అయితే 200. ఫోటోలో నంబరు ప్లేటు ఉంటుంది, మనిషి ఉండడు. ఆ గంటలో కారు ఎవరి దగ్గరుందో బుకింగ్ పుస్తకంలో ఉంది, అయినా “నేనప్పుడు ఇంట్లో ఉన్నాను” అని రాసేవాళ్ళు ఉన్నారు. ముందు ప్లేటు ఊడదీసి ఫోటోలు దిగి, తిరిగి పెట్టడం మరిచిపోయినవాళ్ళూ ఉన్నారు. కాలిఫోర్నియాలో రెండు ప్లేట్లూ ఉండాల్సిందే.

శనివారం డ్యూటీల పట్టిక మార్చిలోనే ఇచ్చాను. టైర్లలో గాలి చూడటం, చక్రాల ఫోటోలు తియ్యడం, బ్యాటరీ టెండర్ (నిలబెట్టిన కారు బ్యాటరీ దిగిపోకుండా చూసే చార్జరు) తగిలించడం, పని గంట కూడా పట్టదు. గ్రూపులో బొటనవేలు బొమ్మలు పెట్టేవాళ్ళు పాతికమంది, షెడ్డుకి వచ్చేది ఆ నలుగురే. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. సొంత కారైతే రిమ్ము మీద గీత పడ్డ రోజున అన్నం సయించదు. క్లబ్ కారుకి పడితే, “ముందే ఉందనుకుంటా” అన్న ఒక్క మెసేజ్. జనవరి నుంచి మూడు డ్యూటీలు ఎగ్గొట్టినవాళ్ళకి వారాంతపు బుకింగ్ ఉండదు. ఈ తీర్మానం సమావేశంలో ఓటింగుకి వస్తుంది.

షెడ్డు పర్మిట్ ఇంకా రాలేదు. మే నెలలో దరఖాస్తు ఇచ్చాం. కారుకి కారుకి మధ్య దూరం చూపిస్తూ నక్షా అడిగారు, ఇచ్చాం. అదే నక్షా మళ్ళీ అడిగారు, మళ్ళీ ఇచ్చాం. ఇప్పుడు ఆ ఫైలు చూసే ఆవిడ సెలవులో ఉన్నారట.

హైదరాబాదుకి తిరిగి వెళ్ళిన మన పాత సభ్యుడొకరు అక్కడ ఇలాంటి క్లబ్ పెడతానని బైలాస్ అడిగితే పంపించాం. అక్కడ సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. బయటినుంచి తెచ్చిన కారు మీద సుంకమే వంద శాతం దాటుతుంది. ఆయనకి శుభాకాంక్షలు.

లెక్కలు: జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆడిటర్ సంతకం అయింది. ఇన్సూరెన్స్, షెడ్డు అద్దె, క్లచ్ పెద్ద పద్దులు. రిజర్వు నిధిలోంచి కొంత తీశాం, వచ్చే ఏడు చందా కొద్దిగా పెరుగుతుంది. మిగతా వివరాలు కోశాధికారి గారు చెబుతారు.

కృతజ్ఞతలు చెప్పాల్సినవాళ్ళు చాలామంది. రాత్రి పదకొండుకి ఫోన్ చేసినా విసుక్కోని మెకానిక్ గారికి, ట్రాక్ రోజున తెల్లారి మూడింటికి లేచి ఇడ్లీలు, పులిహోర చేసిన మన వదినలకి, పడవలాంటి ట్రెయిలర్‌ని పొగమంచులో మాంటెరే దాకా లాక్కొచ్చిన ఉపాధ్యక్షుడికి, లాయరు మిత్రుడికి, కార్ల తలుపులకి నంబర్లు అంటించిన పిల్లలకి, సెలవురోజున కూడా కాదనకుండా పూజ చేసిన పూజారి గారికి, శనివారం నలుగురికీ. ఎవరి పేరైనా మరిచిపోతే సమావేశంలో అందరి ముందూ చెబుతాను.

కార్యవర్గం ఎన్నిక కూడా అదే రోజు. కార్యదర్శి పదవికి ఇప్పటిదాకా ఒక్క నామినేషనూ రాలేదు. సమావేశానికి మూడు రోజుల ముందు దాకా గడువుంది. టోలు, జరిమానా బకాయిలు ఉన్నవాళ్ళు పోటీ చెయ్యడానికి, ఓటు వెయ్యడానికి వీల్లేదు. తాళాల పెట్టె కోడ్ జనవరి మొదటి వారంలో మారుతుంది. బకాయి తీరినవాళ్ళకే కొత్త కోడ్ వస్తుంది.

కార్యదర్శి