ఎర్ర దీపం చూసి తలుపు తట్టిన పెద్దాయనకూ, ఇంకా అందరికీ

నిన్న ఆదివారం సాయంత్రం మా వీధికి కరెంటు వచ్చింది. ఫ్రిజ్ గుర్రుమనగానే మా అమ్మ రెండు చేతులూ జోడించి దండం పెట్టింది, ఫ్రిజ్‌కే. 2024 జులై 8 తెల్లవారుజామున బెరిల్ తుఫాను టెక్సాస్‌లోని మటగోర్డా దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్ ప్రాంతంలో 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోతే అందులో మాదీ ఒకటి. ఏడు రోజుల చీకటి, ఉక్క. అయినా మా కాలనీలో కుళాయి ఒక్క పూట కూడా ఆగలేదు, మురుగు ఎవరి స్నానాల గదిలోకీ ఎగదన్నలేదు. ఈ రెండో మాట తేలిగ్గా రాసేశాను గానీ, బుధవారం ఉదయం ఆ ముప్పు ఎనిమిది అంగుళాల తేడాతో తప్పింది. తప్పించినవాళ్ళలో సగం మందికి తెలుగు రాదు, వాళ్ళకు ముఖాముఖి చెప్పుకున్నాను. మిగతా సగం మన వాళ్ళే.

కొత్తగా వచ్చినవాళ్ళకు తెలియకపోవచ్చు. ఇక్కడి శివారు కాలనీల్లో చాలావాటికి నీళ్ళిచ్చేది నగరం కాదు, మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అనే చిన్న స్థానిక సంస్థ. పొట్టిగా మడ్ అంటారు. బురద అనే అర్థం వస్తుందని ఇక్కడ ఎవరూ నవ్వరు. బోర్లు, ట్యాంకులు, మురుగు గొట్టాలు అన్నీ దానివే. కాలనీవాళ్ళు ఎన్నుకున్న ఐదుగురు డైరెక్టర్లు దాన్ని చూసుకుంటారు. 2022 నుంచి ఆ ఐదుగురిలో నేనొకడిని. ఇంటి పన్ను కాగితంలో మడ్ వాటా చూసి ఒళ్ళు మండి, ఈ డబ్బు ఎటు పోతోందో తేల్చుకుందామని నిలబడ్డాను. అంటే ఖర్చు తగ్గించడానికి వచ్చినవాడిని.

అందుకే ముందుగా, ప్లాంటునూ పంపులనూ రోజూ నడిపించే మా ఆపరేటర్‌కు కృతజ్ఞతతో పాటు క్షమాపణ కూడా చెప్పుకోవాలి. 2008లో ఐక్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక ఈ ప్రాంతంలో కుళాయిలు ఎండిపోయాయి. ఆ మరుసటి ఏడాది టెక్సాస్ శాసనసభ ఒక చట్టం చేసింది. కరెంటు ఎన్నాళ్ళు లేకపోయినా కనీసం 35 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 35 పౌండ్ల) ఒత్తిడితో నీళ్ళిచ్చే ఏర్పాటు, హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ ప్రాంతపు నీటి సంస్థలకు ఉండాలని దాని సారాంశం. ఒత్తిడి 20 కంటే దిగిందంటే నీళ్ళు మరిగించి తాగండని ఇంటింటికీ చెప్పవలసి వస్తుంది. ఈ చట్టం పుణ్యమా అని మా నీటి ప్లాంటులో పెద్ద జనరేటర్ ఉంది. దానితో మాకు పేచీ లేదు. పేచీ అంతా లిఫ్ట్ స్టేషన్ దగ్గర. ఇళ్ళ నుంచి వాలుగా వచ్చిన మురుగు అక్కడ ఒక లోతైన బావిలో చేరుతుంది, అక్కడి నుంచి దాన్ని పంపులు పైకి తోడాలి. తోడడం ఆగితే బావి నిండుతుంది, నిండితే పల్లపు ఇళ్ళ మరుగుదొడ్లలోంచి తిరిగి పైకి వస్తుంది. నీళ్ళు రావడం గురించి అందరూ అడుగుతారు, పోవడం గురించి అడిగేవాడు ఉండడు. నేనూ అడగలేదు.

అక్కడ ఒక పాత జనరేటర్ ఉండేది. అది ఆగితే పక్క డిస్ట్రిక్ట్ నుంచి చక్రాల జనరేటర్ తెచ్చి నిమిషాల్లో తగిలించడానికి వీలుగా, బయటి గోడకు ఒక సాకెట్ల పెట్టె బిగించాలని రెండేళ్ళ క్రితం ఆపరేటర్ పట్టుపట్టారు. ఉన్న జనరేటర్‌కు ఇంకో జనరేటర్ ఎందుకని నేను గట్టిగా వాదించాను. ఓటింగులో 3-2తో నెగ్గింది. ఆ ఇద్దరిలో నేనొకడిని.

ఇప్పుడు బుధవారం సంగతి. రాత్రి ఎప్పుడో ఆ పాత జనరేటర్ ఆగిపోయింది. అలాంటప్పుడు ఆపరేటర్‌కు దానంతటదే ఫోను వెళ్ళాలి. తుఫాను తర్వాత సెల్ సిగ్నల్ దైవాధీనంగా ఉంది, వెళ్ళలేదు. స్తంభం మీది ఎర్ర దీపం మాత్రం బ్యాటరీతో వెలిగి ఆరుతూ ఉంది. ఉక్కకు నిద్ర పట్టక తెల్లవారకముందే నడకకు బయలుదేరిన ఒక పెద్దాయన దాన్ని చూశారు. కరీంనగర్ దగ్గర పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చి నెలన్నర అయిందట. పల్లపు వీధి వాళ్ళందరూ ఇవాళ ఆయనకు రుణపడి ఉన్నారు, చాలామందికి ఆ సంగతి తెలియదు. ఐదు కాకముందే మా తలుపు తట్టి, ఊపిరి తీసుకోకుండా అడిగారు.

"బాబూ, ఆ కంచె లోపల ఎర్ర లైటు కొట్టుకుంటోంది. అది మంచికా, చెడుకా?"

చెడుకే. టార్చి వేసి బావిలోకి చూస్తే ప్రమాద గుర్తుకు రెండడుగుల దిగువన ఉంది. ఆరున్నరకు ఊరు లేస్తుంది. నీళ్ళు పుష్కలంగా వస్తున్నాయి కదా, అందరూ స్నానాలు చేస్తారు.

ఇక్కడ ముగ్గురు హైస్కూలు పిల్లలకు కృతజ్ఞతలు. మెసేజ్‌లు పోవడం లేదని తెలిసి సైకిళ్ళేసుకుని పల్లపు వీధులన్నీ తిరిగారు. ఎనిమిది దాకా ఒక్క చుక్క కూడా సింకులోకి వదలవద్దని నిద్రమొహాలకు చెప్పి, తిట్లు తిని వచ్చారు. తలుపు తీసి తిట్టినా మాట విన్నవాళ్ళకూ కృతజ్ఞతలు.

ఆపరేటర్ జనరేటర్ ఫిల్టర్ ఊడదీసి నా అరచేతిలో పెట్టారు. నల్లటి జిగురు, గోరింటాకు ముద్దలా. ఏళ్ళ తరబడి వారానికోసారి పది నిమిషాలు పంపుల బరువు లేకుండా ఉత్తినే నడిపి, బాగుందని పుస్తకంలో రాసుకున్నాం. తీరా పగలూ రాత్రీ బరువు మోయవలసి వచ్చేసరికి డీజిల్ ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి అంతా ఫిల్టర్లోకి చేరింది. ఆ పుస్తకంలో తనిఖీ సంతకాల్లో నాది కూడా ఉంది.

పక్క డిస్ట్రిక్ట్ వాళ్ళతో మాకు పరస్పర సాయం ఒప్పందం ఉంది. కాగితం ఉండటం వేరు, మనిషి రావడం వేరు. దారిలో ఓక్ చెట్టు పడి ఉంటే కొమ్మలు కోసుకుంటూ, ఆరుంబావుకు జనరేటర్‌ను లాక్కొచ్చారు. వాళ్ళ ఎలక్ట్రీషియన్ రంగురంగుల కేబుళ్ళను ఆ పెట్టెలో తగిలించి, స్విచ్ వేయకుండా మీటరు పెట్టి ఏదో చూస్తూ నిలబడ్డారు. నాకు కాళ్ళు ఆడటం లేదు. వేయండి, వేయండి అన్నాను. ఆయన కదలలేదు. అంతసేపూ కంచె పట్టుకుని నిలబడిన కరీంనగర్ పెద్దాయన నా భుజం తట్టి, "ఫేజులు చూస్తున్నాడు. తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. మా బోరుకు ఎన్నిసార్లు జరగలేదు!" అన్నారు. నిజమే, తారుమారయ్యే ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ రెండు కేబుళ్ళు మార్చి స్విచ్ వేశారు. పంపు మూలిగి, అందుకుంది. బావిలో మట్టం ప్రమాద గుర్తుకు ఎనిమిది అంగుళాల దిగువన ఆగి, మెల్లగా జారడం మొదలుపెట్టింది. వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. చాలాసేపు చేతులు కలుపుకుని ఊపుకున్నారు.

డీజిల్ కథ క్లుప్తంగా చెబుతాను, లేకపోతే కోపం వస్తుంది. తుఫాను వస్తే మీకే ముందు పోస్తామని ఒప్పందం రాసిచ్చిన సరఫరాదారు రెండు రోజులు ఫోను ఎత్తలేదు. పెట్రోలు బంకు నడిపే మన తెలుగాయన ఒకరు, జనం బారులు తీరి ఉండగా, మా కోసం 200 గ్యాలన్ల డీజిల్ పక్కన పెట్టారు. ఆపరేటర్ పికప్‌లో రెండు దఫాలుగా తెచ్చుకున్నాం. ధర పైసా ఎక్కువ తీసుకోలేదు. తన పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు.

గ్యాస్ పొయ్యిని అగ్గిపుల్లతో వెలిగించి, నాలుగు రోజులు ప్లాంటు దగ్గరికి ఉప్మా, పులిహోర పంపిన మూడు ఇళ్ళ ఇల్లాళ్ళకు కృతజ్ఞతలు. ఎలక్ట్రీషియన్ పులిహోరలో మిరపకాయను బీన్స్ అనుకుని కొరికారు. అది తప్ప అంతా బాగా జరిగింది.

మా అమ్మకు చెప్పకపోతే ఊరుకోదు. ఆమెది అవనిగడ్డ వైపు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసిన మనిషి. చుట్టూ నీళ్ళే ఉండి, బావుల్లోకి ఉప్పునీరు ఎక్కి, తాగడానికి గుక్కెడు లేని రోజులు ఆమెకు గుర్తు. తుఫాను రేపనగా బాత్‌టబ్బు నింపింది, కుక్కర్లు నింపింది, చివరికి నా కాఫీ ఫ్లాస్కు కూడా నింపింది. జనరేటర్ ఉందమ్మా, నీళ్ళు ఆగవు అని నవ్వాను. "జనరేటర్‌కు జ్వరం రాదా?" అంది. బుధవారం మా ఇంటివాళ్ళం ఆ టబ్బు నీళ్ళతోనే గడిపాం, సింకులోకి వదలకుండా, వాడిన నీళ్ళు పెరట్లో మొక్కలకు పోసుకుంటూ.

వచ్చే బోర్డు సమావేశంలో డీజిల్ శుద్ధి చేయించడానికీ, జనరేటర్లను పంపుల బరువుతో నెలనెలా నడిపించడానికీ తీర్మానం నేనే పెడుతున్నాను. ఖర్చు అవుతుంది. తిట్టదలచుకున్నవాళ్ళు సమావేశానికి రండి, కుర్చీలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి.

పక్క డిస్ట్రిక్ట్ వాళ్ళ కేబుళ్ళు ఇంకా మా గ్యారేజీలోనే ఉన్నాయి. ఇవాళే తిరిగి ఇచ్చేద్దామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. అరువు తెచ్చిన వస్తువును ఉత్త చేతులతో ఎలా పంపుతామంటుంది. మిక్సీకి కరెంటు వచ్చింది కదా, సున్నుండలకు మినుములు వేయిస్తోంది.