చేను మునగకపోయినా ఉప్పు పంటను తింటుంది

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

ఇచ్ఛాపురం దాటాక బాహుదా నది సముద్రం వైపు సాగే పల్లపు భూముల్లో, ఆంధ్రకూ ఒడిశాకూ సరిహద్దున, మా కుటుంబానికి కొంత మాగాణి ఉంది. ఇవతల నాలుగు మడులు, అవతల గంజాం జిల్లాలో రెండు మడులు ఉన్న ఇళ్లు మా వైపు అరుదు కాదు. తుపాను వచ్చి వెళ్లిన ప్రతిసారీ పత్రికల్లో మునిగిన ఎకరాల లెక్క, నేలకూలిన కొబ్బరి, జీడి చెట్ల లెక్క వస్తాయి. ముంపు లెక్కలోకి రాకుండా పచ్చగా నిలిచిన వరి, కోతల నాటికి తాలుగా తేలడం గురించి మాత్రం ఎక్కడా చదవలేదు. ఆ నష్టానికి కారణం నేలలో చేరిన ఉప్పు. దానిని కూడా నష్టంగా గుర్తించాలన్నదే నా విన్నపం.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వరి వేళ్ల చుట్టూ ఉండే నీటిలో లీటరుకు రెండు గ్రాములకు చేరువగా లవణాలు చేరితే చాలు, దిగుబడి తగ్గడం మొదలవుతుంది. నేల పరీక్షలో దీనిని విద్యుత్ వాహకతగా, అంటే ఇ.సి.గా కొలుస్తారు. అది 3 మిల్లీమోలు దాటిన తరువాత పెరిగే ఒక్కొక్క మిల్లీమోకు సుమారు 12 శాతం చొప్పున దిగుబడి పోతుందనీ, 7 దాటితే సగం పంటే మిగులుతుందనీ శాస్త్రజ్ఞుల లెక్క. నేలను చౌడుగా లెక్కించేది మాత్రం 4 దాటాక. అంటే కాగితం మీద ఇంకా మంచి నేలగానే ఉన్న మడిలో కూడా వరి నష్టపోతూ ఉండవచ్చు.

ఉప్పు వరిని రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది. మొదటిది దాహం. మడి నిండా నీళ్లున్నా, ఆ నీటిలో కరిగిన లవణాల వల్ల వేరు దానిని లోపలికి లాగలేదు. నీళ్లలో నిలబడి కూడా మొక్క ఎండకు వాడినట్లే వాడుతుంది. రెండవది నెమ్మదిగా జరిగేది. నీటితో పాటు సోడియం, క్లోరైడు లోపలికి చేరి ఆకుల్లో పేరుకుంటాయి, మొక్కకు అవసరమైన పొటాష్‌ను వేరు తీసుకోనివ్వకుండా సోడియం అడ్డుపడుతుంది. మొక్క తన లేత ఆకులను కాపాడుకోవడానికి ఉప్పును ముదురు ఆకుల్లోకి తోసేస్తుంది. అందుకే అడుగు ఆకులు ముందుగా కొసల నుంచి తెల్లబడి, చుట్టుకుని, ఎండిపోతాయి. పిలకలు తగ్గుతాయి, చేను అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా గిడసబారుతుంది. చూసిన వారు తెగులు అంటారు, లేదా సత్తువ చాలలేదంటారు. మందు కొట్టిస్తారు, యూరియా చల్లిస్తారు. నేను కూడా ఒక ఏడాది చుట్టుపక్కల వారి మాట విని రెండు సార్లు మందు కొట్టించాను. ఖర్చు తప్ప ఫలితం లేదు.

రైతును ఎక్కువగా మోసపుచ్చేది మొలక దశ. గింజ మొలకెత్తేటప్పుడు వరి ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది కనుక, నారు చక్కగా వచ్చింది, ఇక భయం లేదనుకుంటాం. రెండు మూడు ఆకుల దశలోనూ, నాటిన కొత్తలోనూ అదే మొక్క చాలా సున్నితంగా ఉంటుంది. పిలకలు వేసే కాలంలో తిరిగి కొంత తట్టుకుంటుంది. ఆ తరువాత చిరుపొట్ట దశ నుంచి పూత వరకు మళ్లీ గండమే. పుప్పొడి సత్తువ పోయి గింజ కట్టదు.

మా ప్రాంతపు దురదృష్టమంతా ఈ చివరి దశలో ఉంది. ఖరీఫ్ వరి మా వైపు ఈనేది అక్టోబరులో. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది అక్టోబరు 11న. తిత్లీ నాడు ఆటు పోటులు తిరిగే ఉప్పుటేరు కాలువ పొంగి, మా దిగువ మడుల్లో ఒక పగలూ ఒక రాత్రీ నిలిచి, తీసిపోయింది. చేను పడిపోలేదు. నష్టం రాసుకోవడానికి వచ్చినవారు గట్టు మీద నుంచి చూసి, ఇది బాగానే ఉందని ముందుకు వెళ్లారు. వారిని నిందించడం నా ఉద్దేశం కాదు, ఆ రోజు నాకూ బాగానే ఉన్నట్టు కనిపించింది. నెల గడిచేసరికి గింజ బరువుకు వంగవలసిన వెన్నులు నిలువుగా నిలబడి ఉన్నాయి. నూర్చి చాటలో చెరిగితే ఎక్కువ భాగం గాలికి పోయింది. ఆ వేసవిలో మడి పైన తెల్లని పొర పేరింది. భూమిలోపలి ఉప్పు నీరు ఎండకు పైకి లాగబడి, నీరు ఆవిరై, ఉప్పు మిగిలిపోవడం వల్ల అలా అవుతుంది. కాబట్టి ఒక తుపాను దెబ్బ ఒక పంటతో తీరదు.

దీనికి విరుగుడు లేకపోలేదు. మన పెద్దలు పాలచౌడు, కారుచౌడు అని రెండుగా చెప్పేవారు, ఆ విభజన నేటి శాస్త్రానికి కూడా సరిపోతుంది. తెల్లగా పొర కట్టే పాలచౌడుకు కావలసింది మంచినీరు, మురుగు పోయే దారి: గట్లు గట్టిగా వేసి, మడి నింపి, ఉప్పు కరిగాక ఆ నీటిని బయటికి తీసి, మళ్లీ నింపాలి. జిప్సం కావలసింది సోడియం పట్టిన కారుచౌడుకు. నేల పరీక్ష చేయించకుండా అందరికీ జిప్సం బస్తాలే చెప్పడం రైతు డబ్బును మట్టిలో పోయించడమే. పాలచౌడులో ముదురు నారు, అంటే 30 నుంచి 35 రోజులది, కుదురుకు మూడు నాలుగు మొక్కల చొప్పున దగ్గర దగ్గరగా నాటితే నాటిన కొత్తలోని గండం కొంత తప్పుతుంది. వేసవిలో నేలను బోడిగా వదలకుండా జీలుగ వేసి దున్నడం మేలు.

విత్తనం మాటకు వస్తే, కటక్‌లోని వరి పరిశోధన సంస్థ తీరప్రాంత చౌడు కోసమే లుణిశ్రీ, లుణా సువర్ణ, లుణా సంపద్ వంటి రకాలను ఇచ్చింది. ఒడియాలో లుణ అంటే ఉప్పే. మన మచిలీపట్నం కేంద్రం నుంచి ఎం.సి.ఎం. రకాలు వచ్చాయి. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన పూసా డి.ఎస్.టి. రైస్ 1 మన మారుటేరులో పుట్టిన ఎం.టి.యు. 1010 వరి రకాన్ని ఉప్పును తట్టుకునేలా జన్యు సవరణ చేసి రూపొందించినదే. అయితే ఏ రకమూ ఉప్పులో ఎంతకాలమైనా బతకదు. నీరు, మురుగు కాలువ సరిగా లేని చోట విత్తనం ఒక్కటే పంటను నిలబెట్టలేదు.

అందుకే పాలకులను కోరేది ఇది. ఉప్పుటేరు కాలువల మీద ఉన్న తూముల తలుపులను తుపానుల కాలం రాకముందే బాగు చేయించాలి. తలుపు తుప్పు పట్టి తెరుచుకుని ఉంటే పోటు నీరు లోపలికి వస్తుంది, మూసుకుని బిగుసుకుపోతే వాన నీటితో కడిగిన ఉప్పు బయటికి పోదు, రెండూ నష్టమే. సముద్రపు నీరు చేరిన మడులను పంట పడిపోయిందా లేదా అని కాక, ఇ.సి. కొలిచి నష్టంగా రాసుకోవాలి, గింజ కట్టే వేళ మరొకసారి వచ్చి చూడాలి. కాలువ ఎగువ ఒక రాష్ట్రంలోనూ దిగువ మరొక రాష్ట్రంలోనూ ఉన్న మా వంటి చోట్ల శ్రీకాకుళం, గంజాం జిల్లాల అధికారులు కలిసి ఈ పని చేయవలసి ఉంటుంది. నారుమళ్లు పోసేది జూన్‌లో కనుక, మే నెలాఖరులోగా దిగువ మడుల మట్టి పరీక్షల ఫలితాలు రైతు చేతికి అందేలా చూడాలని మీ పత్రిక ద్వారా రెండు జిల్లాల వ్యవసాయ శాఖల వారిని అర్థిస్తున్నాను.

భవదీయుడు,
బాహుదా తీరపు వరి రైతు,
ఇచ్ఛాపురం మండలం