అవార్డు వచ్చేసరికి బాక్సు వెళ్లిపోయి ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో అవార్డులకు పోటీ పడిన సినిమాల వసూళ్ల మీద రాసినది చదివాను. అవార్డు సినిమా అంటే జనం రారు, డబ్బులు రావు, అది అందరికీ తెలిసిందే కదా అన్నట్టు రాసి ముగించారు. అది నిజం కాదండీ. ఊరికే అభిమానంతో చెప్పడం లేదు. 1979 చివర్లో ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర రిప్రజెంటేటివ్‌గా చేరి ఇరవై ఏడేళ్లు కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల హాళ్లలో టికెట్లు లెక్కపెట్టిన మనిషిని నేను. ఇప్పటి పిల్లలకు ఆ ఉద్యోగం ఏంటో తెలియకపోవచ్చు. సినిమా రీళ్లుండే బాక్సుతో పాటు ఊరికి వచ్చి, రోజూ నాలుగు ఆటలకూ బుకింగ్ దగ్గర నిలబడి, నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ ఒక్కో క్లాసుకూ టికెట్ పుస్తకంలో మొదటి నంబరు ఎంత, ఆఖరు నంబరు ఎంత అని చూసి లెక్క తీసి, టాక్సు పోను నెట్ ఎంతో రోజువారీ వసూళ్ల లెక్క కాగితం, అంటే డీసీఆర్‌లో రాసి, ఒక కాపీ హాలుకిచ్చి కార్బన్ కాపీ ఆఫీసుకు పంపాలి. అందుకని ఏ సినిమాకు జనం వచ్చారో, ఏ సినిమాకు ఎందుకు రాలేదో నేను కిటికీ పక్కన నిలబడి చూశాను.

నేను చేరిన కొన్నాళ్లకే శంకరాభరణం వచ్చింది. 1980 ఫిబ్రవరి 2న విడుదల. పేరున్న హీరో లేడు. ముఖ్యపాత్ర వేసిన జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన మనిషి, వయసు యాభై దాటింది, కథేమో శాస్త్రీయ సంగీతం. కొనడానికే చాలామంది వెనకాడారు. మా ప్రొద్దుటూరులో బాక్సు దిగిన మొదటి రెండు రోజులూ నేల టికెట్ల పుస్తకం ఒక్కటి కూడా పూర్తిగా చిరగలేదు. హాలు మేనేజరు నా భుజం మీద చెయ్యేసి "శుక్రవారానికి వేరే సినిమా చెప్పుకుందాంలేప్పా, ఈ పాటకచ్చేరి మనూళ్లో ఎవరు చూస్తారు" అన్నాడు. మూడో రోజు ఫస్ట్ షోకు గుడిలో నాదస్వరం వాయించే ఒకాయన వచ్చి బెంచీ టికెట్ తీసుకున్నాడు, తెల్ల పంచె, చంకలో గుడ్డ సంచి. ఆట వదిలాక అందరూ వెళ్లిపోయినా ఆయన నా కిటికీ దగ్గరే నిలబడి "రేపు మొదటాట ఎన్ని గంటలకు నాయనా" అని అడిగాడు. మర్నాడు పెళ్లాన్ని, పిల్లల్ని, తోడల్లుణ్ణి, తనతో డోలు వాయించే అతన్నీ వెంటబెట్టుకొచ్చాడు. అక్కణ్నుంచి మాట పాకింది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు ఎద్దుల బండ్లు కట్టుకుని మ్యాట్నీకి రావడం మొదలుపెట్టారు, ఆ వారం గడవకముందే సీలు వేసిన టికెట్ పుస్తకాలు అయిపోవస్తే, తీసేద్దామన్న అదే మేనేజరు కమర్షియల్ టాక్స్ ఆఫీసుకు సైకిలు తొక్కుకుంటూ పోయి కొత్త పుస్తకాలకు ముద్రలు వేయించుకొచ్చాడు. ప్రజాదరణ పొందిన మంచి వినోదాత్మక చిత్రంగా స్వర్ణకమలం, బాలుగారికి, వాణీ జయరాం గారికి, మహదేవన్ గారికి జాతీయ అవార్డులు, ఇవన్నీ జనం చూసేసిన తర్వాత వచ్చినవే. ఆ మూడో రోజున బాక్సు కట్టేసి ఉంటే మా ఊరి లెక్కల్లో శంకరాభరణం ఫ్లాపు అని ఉండేది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

అసలు అవార్డుకూ కౌంటరుకూ పడదనే మాట మన సీమలో అనకూడదు. తాడిపత్రి దర్శకుడు కె.వి. రెడ్డి గారి పాతాళ భైరవిని 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలో చూపించారు, అది ఎంత ఆడిందో మా నాన్న తరం వాళ్లను అడిగితే చెప్పేవాళ్లు. ఆయనదే 1954 నాటి పెద్దమనుషులుకు రాష్ట్రపతి రజత పతకం వచ్చింది, జనమూ వచ్చారు. పులివెందుల ప్రాంతంలో పుట్టిన బి.ఎన్. రెడ్డి గారు 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అందుకున్నారు, దక్షిణాది నుంచి మొదటి మనిషి ఆయనే. ఆయన మల్లీశ్వరిని తర్వాత తర్వాత మళ్లీ మళ్లీ హాళ్లకు తెచ్చి వేశారు. సినిమా వ్యాపారంలో మా జిల్లాలను ఇప్పటికీ సీడెడ్ అనే పిలుస్తారు (1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన భూమి అని, 1928లో నంద్యాలలో రాయలసీమ అని పేరు పెట్టుకున్నా వ్యాపారంలో ఆ పాత పేరు పోలేదు), సీడెడ్ అనగానే మాస్ ఏరియా, ఫైట్లు ఉంటేనే చూస్తారు అని రాస్తారు మీరు. ఆ ముద్ర ఉండబట్టే మంచి సినిమాను మాకు రెండు ఆటలకు మించి ఇవ్వరు.

ఇక ఆస్కార్ సంగతి, మీరు రాసినదాంట్లో ఎక్కువ భాగం దాని మీదే ఉంది. హర్ట్ లాకర్ అమెరికాలో సుమారు 1.7 కోట్ల డాలర్లే తెచ్చింది, 2010లో ఉత్తమ చిత్రం గెలిచింది, అప్పటికి 200 కోట్ల డాలర్లు దాటేసిన అవతార్‌ను ఓడించింది, కాబట్టి అవార్డు వేరు, వసూళ్లు వేరు అని తేల్చారు. ఒక్క సినిమాతో అలా ఎలా తేలుస్తారు? టైటానిక్‌కు 14 నామినేషన్లు, 11 ఆస్కార్లు, వసూలు మొదటి విడుదలలోనే 180 కోట్ల డాలర్లు దాటింది. ఓపెన్‌హైమర్ 95 కోట్ల డాలర్ల పైన తెచ్చుకుని మరీ ఏడు ఆస్కార్లు గెలిచింది. హర్ట్ లాకర్ అమెరికాలో 2009 జూన్‌లో కొద్దిపాటి హాళ్లలో వచ్చింది, నామినేషన్లు ప్రకటించింది 2010 ఫిబ్రవరి 2న, అంతకు ముందు నెలలోనే డీవీడీ కూడా అమ్మకానికి వచ్చేసింది. నామినేషన్ విని చూద్దామనుకున్నవాడికి దగ్గర్లో హాలు లేదు. అది సినిమా తప్పా?

స్లమ్‌డాగ్ మిలియనీర్ దీనికి సరిగ్గా ఎదురు. ఒక దశలో అమెరికాలో హాళ్లలో కాకుండా నేరుగా డీవీడీగా వదిలేద్దామనుకున్నారట దాన్ని, వేరే సంస్థ చేతికి వచ్చి బతికింది. ఖర్చు సుమారు ఒకటిన్నర కోటి డాలర్లు. 2008 నవంబరులో కొన్ని హాళ్లతో మొదలుపెట్టి నిదానంగా పెంచుకుంటూ పోయారు, జనవరిలో నామినేషన్లు వచ్చేటప్పటికి సినిమా ఇంకా హాళ్లలో ఆడుతూనే ఉంది. అమెరికాలో వచ్చిన 14 కోట్ల డాలర్లలో ఎక్కువ భాగం ఆ తర్వాత వచ్చిందే, ప్రపంచమంతా కలిపి 37 కోట్లు దాటింది. పారసైట్ అయితే నాకు ఇంకా నచ్చిన ఉదాహరణ. కొరియా భాష, అమెరికావాళ్లు కింద అక్షరాలు చదువుకుంటూ చూడాలి, పైగా 2020 జనవరికే డిస్కులు కూడా వచ్చేశాయి. అయినా ఫిబ్రవరి 9న ఉత్తమ చిత్రం గెలవగానే వెయ్యి పైచిలుకు హాళ్లలో ఉన్నదాన్ని రెండు వేలకు పెంచారు, జనం వచ్చారు, అక్కడ మొత్తం వసూలు 5 కోట్ల డాలర్లు దాటింది. ఇంట్లో చూసే వీలున్నా హాలుకు వచ్చారు, ఎందుకంటే హాలు ఇచ్చారు.

మన ఆర్ఆర్ఆర్ కూడా అంతే చేసింది. ఇక్కడ 2022 మార్చిలోనే దుమ్ము దులిపేసింది, మన వసూళ్లకు ఆస్కార్ వల్ల కలిగిన లాభం ఏమీ లేదు, కానీ 2023 మార్చిలో ఆస్కార్ వేడుకకు ముందు అమెరికాలో మళ్లీ రెండు వందల పైగా హాళ్లలో వేశారు, జపాన్‌లో 2022 అక్టోబరులో వదిలితే నెలల తరబడి ఆడింది. నాటు నాటుకు కీరవాణి గారు, చంద్రబోస్ గారు వేదిక ఎక్కిన రోజు పొద్దున నేను టీవీ ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాను, ఆ రోజు మా ఊళ్లో ఒక్క హాల్లోనైనా ఆ సినిమా ఉంటుందేమోనని వాకబు చేస్తే ఎక్కడా లేదు.

ఇక్కడే నేను చెప్పాలనుకున్నది ఉంది. మన దగ్గర అవార్డు వచ్చేసరికి బాక్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. ఆస్కార్లయితే పోయిన ఏడాది సినిమాలకు ఈ ఏడాది మొదట్లోనే ఇచ్చేస్తారు. మన జాతీయ అవార్డులు చూడండి. ఉప్పెన 2021 ఫిబ్రవరిలో విడుదల, ఉత్తమ తెలుగు చిత్రం అని ప్రకటించింది 2023 ఆగస్టు 24న. బలగం 2023 మార్చి 3న విడుదల, అందులో ఊరు పల్లెటూరు పాటకు కాసర్ల శ్యామ్ గారికి అవార్డు ప్రకటించింది 2025 ఆగస్టు 1న, రెండేళ్ల ఐదు నెలలు. కలర్ ఫోటో కరోనా కాలంలో 2020 అక్టోబరులో నేరుగా ఓటీటీలో వచ్చి, 2022 జూలైలో ఉత్తమ తెలుగు చిత్రం అయింది, దానికి బాక్సాఫీసు లెక్కే లేదు, లేని లెక్కను పట్టుకుని ఆడలేదనడం ఏం న్యాయం? పెళ్లి చూపులుకు మాత్రం తొమ్మిది నెలల్లో వచ్చింది, ఆ చిన్న సినిమా అప్పటికే పెట్టినదానికి ఎన్నో రెట్లు తెచ్చుకుని ఉంది. బాహుబలి మొదటి భాగం 2015 జూలైలో వచ్చి 2016 మార్చిలో దేశం మొత్తానికి ఉత్తమ చిత్రమైంది, తెలుగుకు అది మొదటిసారి, దాని వసూళ్ల సంగతి నేను చెప్పాలా.

అసలు మా వైపు హాలు మొహమే చూడని సినిమాలూ ఉన్నాయి, అవి తలచుకుంటే ఎక్కువ బాధ. బి. నర్సింగరావు గారి దాసికి 1988 సంవత్సరానికి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి, అందులో అర్చన గారికి ఉత్తమ నటి. మూడు జిల్లాల్లో నేను డ్యూటీ చేసిన ఏ హాలుకూ ఆ బాక్సు రాలేదు. ఆ రోజుల్లో దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల సినిమాలు వేసేవాళ్లు, అవార్డు సినిమా అంటే అక్కడే, అన్నం తిని కునుకు తీసే వేళలో. అవార్డు సినిమా అంటే నిద్ర అనే మాట అట్లా పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. అవార్డు వచ్చిన ప్రతి సినిమా గొప్పదని నేను అనడం లేదు, కొన్ని నాకూ నచ్చలేదు. కానీ నచ్చలేదని చెప్పడానికైనా ముందు చూడాలి కదా.

2025 ఆగస్టులో అవార్డులు ప్రకటించిన మర్నాడు ఇక్కడి ఒక హాలు మేనేజరు దగ్గరికి పోయి బలగం ఒక్క వారం, రోజుకు ఒక్క ఆట వేయమని అడిగాను. "ఫోన్లో ఉన్న సినిమాకు ఎవరొస్తారు సార్" అన్నాడు. అదే హాల్లో హీరోల పుట్టినరోజులకు పదిహేనేళ్ల కిందటి సినిమాలు వేస్తున్నారు, అవన్నీ ఫోన్లో ఉన్నవే, అయినా పిల్లలు కాగితాలు చల్లుకుంటూ చూస్తున్నారు. బలగం సంగతే తీసుకుంటే విడుదలైన మూడు వారాలకు ఓటీటీలో వచ్చేసినా తెలంగాణ పల్లెల్లో రచ్చబండ దగ్గర తెరలు కట్టుకుని ఊరు ఊరంతా కూర్చుని చూశారు, చూసి ఏడ్చారు, మాటల్లేని అన్నదమ్ములు మళ్లీ కలిశారని మీ పేపర్లోనే వచ్చింది. కలిసి కూర్చుని చూడాలని ఉంటుంది మనుషులకు.

అందుకని మీకు నా మనవి. వసూళ్ల పట్టిక వేసేటప్పుడు సినిమా ఎంతకు తీశారు, ఎన్ని హాళ్లలో వేశారు, ఎన్ని రోజులు ఉంచారు, ఈ మూడూ పక్కన వేయండి. రెండు హాళ్లలో నాలుగు రోజులు ఆడినదాన్నీ, రెండు వేల హాళ్లలో యాభై రోజులు ఆడినదాన్నీ ఒకే గీత కింద పెట్టి ఒకటి హిట్టు, ఒకటి ఫట్టు అని రాయకండి. అట్లాగే వచ్చేసారి అవార్డులు ప్రకటించినప్పుడు మా జిల్లా ఎడిషన్‌లో హాళ్ల యజమానులను అడిగి రాయండి, ప్రొద్దుటూరు, కడప, అనంతపురం, కర్నూలు, ఆదోనిలో ఒక్కో హాలు ఒక్క వారం, మార్నింగ్ షో కాకుండా ఫస్ట్ షో ఇస్తారా అని. ఎవరైనా ఒప్పుకుంటే నాకు కబురు పెట్టండి, ఆ వారం రోజులూ కౌంటరు దగ్గర నిలబడి ఆట ఆటకూ డీసీఆర్ నేనే రాసి మీకు పంపిస్తాను, బత్తా కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సినిమా రిప్రజెంటేటివ్,
ప్రొద్దుటూరు, కడప జిల్లా