ఆటంటారా, నేరమంటారా? ముందు మీలో మీరు తేల్చుకోండి

బ్రాంచి మేనేజరు గారికి,
ట్రంకు రోడ్డు, నెల్లూరు.

విషయం: హాకీ క్లబ్బు గ్రూపు ప్రమాద బీమా క్లెయిముకు జవాబు లేకపోవడం

అయ్యా,

ఆటలో కర్రతో కొడితే మా కుర్రాడి దవడ విరిగిన సంగతి మళ్లీ రాయను. కాగితాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి, మీవాళ్లు పారేయకుండా ఉంటే. నేను రాసేది మీ జవాబుల గురించి.

కౌంటరులో అబ్బాయి ఏమన్నాడు? "హాకీ అన్నాక దెబ్బలు తగలవా సార్, తెలిసే దిగాడు కదా." కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "ఎఫ్ఐఆర్ ఉంది కాబట్టి ఇది క్రైమ్, యాక్సిడెంట్ కాదు" అంది అక్కడి అమ్మాయి. ఇన్వెస్టిగేటరు గారు వీళ్లిద్దరినీ మించిపోయి, కోర్టులో కేసు తేలాక రమ్మన్నారు. ఆటైనా ఇవ్వరు, నేరమైనా ఇవ్వరు. ప్రీమియం కట్టించుకున్న రోజు ఈ తేడాలేవీ లేవే! పై ఆఫీసుకు కలుపుతామంటారు, పాట పెడతారు, లైను కట్ చేస్తారు. ఆ పాట మా పిల్లకాయలందరికీ నోటికొచ్చేసింది. ఇన్ని మాటలు చెప్పినవాళ్లు ఒక్క ముక్క కాగితం మీద పెట్టరు.

మీ లీగల్ వాళ్లు చెప్పినట్టు లేదు, నేనే చెబుతా. చంపాలనో తీవ్రంగా గాయపరచాలనో ఉద్దేశం లేకుండా, 18 ఏళ్లు దాటినవాడి ఒప్పుదలతో జరిగిన దెబ్బ నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్. దాని కింద కత్తిసాము ఉదాహరణ చదవండి: మోసపు ఆట లేకుండా తగిలిన దెబ్బకే ఆ ఒప్పుదల వర్తిస్తుంది. బంతి కోసం పెనుగులాడుతుంటే కర్ర మోకాలికి తగిలిందనుకోండి, అది అంపైర్ చూసుకునే పని. గ్రీన్ కార్డు చూపిస్తే 2 నిమిషాలు మైదానం బయట, ఎల్లోకు కనీసం 5, రెడ్ అయితే ఇక ఆట అయ్యేదాకా బయటే. విజిల్ పడి, బంతి ఎక్కడో ఉండగా, వెనకనుంచి వచ్చి మొహం మీద కర్రతో కొడితే అది కార్డుతో పోదు. ఎముక విరిగితే అదే సంహిత 116వ సెక్షన్ ప్రకారం తీవ్ర గాయం, 117(2) కింద ఏడేళ్ల దాకా జైలు. కర్రను ప్రమాదకర ఆయుధంగా లెక్కేస్తే 118(2), ఇంకా పెద్దది. కెనడాలో 2000లో ఐస్ హాకీ ఆటగాడు మార్టీ మెక్‌సార్లీ ఎదుటి ఆటగాడి తలమీద కర్రతో కొట్టినందుకు, ఆయుధంతో దాడి చేశాడని కోర్టు దోషిగా తేల్చింది.

కొట్టినవాడిది నేరమైతే దెబ్బ తిన్నవాడికి ప్రమాదం కాకుండా పోతుందా? మీ పాలసీలోనే ఉంది: ఆకస్మికంగా, ఊహించకుండా, తన ప్రమేయం లేకుండా, బయటినుంచి తగిలిన గాయమని. మినహాయింపు చట్టం మీరిన పాలసీదారుడికి, మావాడికి కాదు. 2000లో రీటా దేవి కేసులో, ఆటో కోసం డ్రైవరును చంపినా అది ప్రమాదమేనంది సుప్రీంకోర్టు. అది మోటారు వాహనాల చట్టం కేసే, అయినా తర్కం ఒకటే.

కావలి, గూడూరు జట్లకు కూడా మీ పేరే చెప్పి పాలసీలు కట్టించాం. దానికి మాకు దక్కిన మర్యాద ఇది! ఇస్తామనో ఇవ్వమనో, ఏ క్లాజు కింద ఇవ్వరో, సంతకం పెట్టి రాసివ్వండి. నెలలోగా రాకపోతే హైదరాబాదులో బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి పోతాం. అక్కడా కాకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్. ఈలోగా మా టోర్నమెంటుకు వచ్చే ప్రతి జట్టు మేనేజరుకూ ఈ ఉత్తరం కాపీ అందుతుంది.

ఇట్లు,
కార్యదర్శి

జత: ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్, అంపైర్ రిపోర్టు, ఎక్స్‌రే, ఆస్పత్రి బిల్లులు (మళ్లీ).